పదకొండు మంది గుండ్రంగా ఎప్పుడు నిలబడ్డారు?

అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్కసారి చూసినా గుర్తుండిపోయే దృశ్యం ఒకటుంది. ఒక ఎత్తు ముగుస్తుంది. బంతి దక్కిన జట్టు కొన్ని గజాలు వెనక్కి వచ్చి గుండ్రంగా చేరుతుంది. తలలు దగ్గరపడతాయి. కొన్ని సెకన్లకు విడిపోయి మళ్లీ వరుస కడతారు. దీన్ని హడిల్ అంటారు. దీన్ని మొదలుపెట్టింది ఎవరని అడిగితే ఆట చరిత్ర రాసినవాళ్లు ఐదు జవాబులు చెబుతారు. 1892 లేదా 1894, వాషింగ్టన్. 1896, షికాగో. 1918, సియాటిల్. 1921, ఇలినాయ్. 1924, పెన్సిల్వేనియా. ప్రతి జవాబులోనూ "మొట్టమొదట" అన్న మాట ఉంది.

వీటిలో నాలుగు కథలకు ఒక్కో కోచ్ ఉన్నాడు. వాషింగ్టన్ కథలో కోచ్ కనిపించడు. ఒక విద్యార్థి కనిపిస్తాడు, అతని వెనుక ఒక చిన్న కళాశాల కనిపిస్తుంది. అది బధిరుల కళాశాల. ఈ కథనంలో మనుషులనూ కళాశాలలనూ ఊరి పేరుతోనో రాష్ట్రం పేరుతోనో మాత్రమే ప్రస్తావిస్తాను. అసలు పేర్లు చెబితే ఎవరో ఒకరి పక్షం కట్టడం తేలికైపోతుంది.

ముందు ఆ కళాశాల నిజంగా ఫుట్‌బాల్ ఆడేదా అన్నది తేల్చుకోవాలి. ఆడేది. అంతర్యుద్ధం నడుస్తుండగా, 1864లో, డిగ్రీలిచ్చే అధికారం దానికి చట్టం ద్వారా దక్కింది. వాషింగ్టన్‌లో కెండల్ గ్రీన్ అనే చోట దాని ఆవరణ ఉంది. అక్కడ ఫుట్‌బాల్ 1883లో మొదలైంది. అంటే వివాదంలో ఉన్న సంవత్సరాల నాటికి ఆ జట్టుకు దాదాపు పదేళ్ల వయసుంది. జట్టు ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ చిన్నదే. తన లీగ్ టైటిల్ మొదటిసారి గెలిచి జాతీయ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది 2013లో. కీర్తి కోసం పెద్ద కళాశాల అల్లుకున్న కథ అనడానికి ఇక్కడ వీల్లేదు. చిన్న కళాశాలలూ కథలు అల్లుకోగలవు కాబట్టి అంతమాత్రాన కథ నిజమైపోదు.

రెండో పని, వెతుకుతున్నది ఏమిటో గీత గీసుకోవడం. గుండ్రంగా నిలబడ్డ ప్రతి జట్టునూ లెక్కలోకి తీసుకుంటే ఈ వెతుకులాటకు అంతు ఉండదు. 2003 ప్రపంచకప్‌లో మన క్రికెట్ జట్టు భుజాల మీద చేతులు వేసుకుని గుండ్రంగా చేరడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ దాచవలసిన సంకేతం లేదు. ఇక్కడ నేను లెక్కలోకి తీసుకునేది ఒక్కటే. బంతి కదలడానికి ముందు, ప్రత్యర్థి చూస్తుండగానే, తర్వాతి ఎత్తు ఏమిటో అతనికి తెలియకుండా జట్టంతా పంచుకునే వలయం. ఈ గీత దాటినవి ఎంత పాతవైనా పక్కన పెట్టాను.

ఇంతకీ దాచవలసినది ఏమిటి? 1890లలో ఆట ఇప్పటిలా లేదు. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు ముందుకు పోతే చాలు. బంతిని ముందుకు విసరడానికి నిబంధనలు ఒప్పుకున్నది 1906లో. కాబట్టి రహస్యం చిన్నదే. బంతి ఎవరికి అందుతుంది, అతను వరుసలో ఏ సందు నుంచి దూరతాడు, అంతే. అది ముందే తెలిస్తే ఎదుటి జట్టు మొత్తం ఆ సందు దగ్గరే కాచుకుని ఉంటుంది. అప్పటి అలవాటు ప్రకారం రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడ్డాక, ఎత్తు చెప్పే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, అంకెలు గట్టిగా అరిచేవాడు. అంకెలు అందరికీ వినిపిస్తాయి. అర్థం సొంత జట్టుకే తెలుసు.

బధిరుల జట్టులో అరుపు పనికిరాదు. అంకె చేతితో చూపాలి. అమెరికన్ సంజ్ఞాభాషలో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్క చేయి చాలు. మూడు చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు లేస్తాయి. ఆరుకు బొటనవేలు చిటికెనవేలిని తాకుతుంది. ఏడుకు ఉంగరపువేలిని, ఎనిమిదికి మధ్యవేలిని, తొమ్మిదికి చూపుడువేలిని. వినికిడి ఉన్న ప్రత్యర్థికి ఇదంతా వట్టి వేళ్ల కదలిక. అదే భాషలో పెరిగిన కుర్రవాడు మాత్రం మైదానం అవతలి నుంచి కూడా ఆ అంకె చదువుకోగలడు.

మొదటి అనుమానం నాకు ఇక్కడే వచ్చింది. వినికిడి ఉన్న కళాశాలలతో ఆడుతున్నప్పుడు ఈ జట్టుకు వలయంతో పని లేదు. బాహాటంగా చేయి చూపినా ప్రత్యర్థికి అర్థం కాదు. పైగా స్టేడియంలో ఎంత గోల ఉన్నా సంకేతం చేరిపోతుంది. ఆ ఆటల్లో సంజ్ఞ వాళ్లకు లాభమే. వలయం అవసరమయ్యేది ఎదుటివాళ్లూ సంజ్ఞలు చదవగలిగినప్పుడే. కానీ అప్పుడు అమెరికాలో బధిరుల కళాశాల అదొక్కటే. మరి ఎదుటి బధిర జట్టు ఎక్కడిది?

జవాబు బధిర పాఠశాలల్లో ఉంది. రాష్ట్రాల్లోని బధిర పాఠశాలలకూ జట్లు ఉండేవి. వాషింగ్టన్ కథ చెప్పే రచనలు ఎదుటి జట్లుగా చెప్పేదీ ఆ పాఠశాలలనే. బడి పిల్లలు కళాశాల జట్టుతో ఎలా తలపడతారన్న సందేహం సహజం. ఆ రోజుల్లో బధిర పాఠశాలల్లో ఇరవై ఏళ్లు దగ్గరపడ్డవాళ్లు కూడా చదువుకునేవారు. కళాశాలలోనేమో డిగ్రీకి ముందు చదివే సన్నాహక తరగతి ఉండేది. వయసులో తేడా మనం ఊహించుకునేంత లేదు. ఇంకో దారి కూడా ఆలోచించాను. సొంత కళాశాలలోని మరో జట్టుతో సాధన చేసినా సంజ్ఞలు దాచక తప్పదు కదా. కానీ ఏ కథనమూ ఆ మాట అనదు. ఎవరూ చెప్పనిదాన్ని నేను కలపడం సరికాదు కాబట్టి దాన్ని వదిలేశాను.

ఇక సంవత్సరం. కొందరు 1892 అంటారు, కొందరు 1894 అంటారు. రెండేళ్ల తేడా చిన్నదే. కానీ కథ ఎలా చేతులు మారిందో తెలియాలంటే ఆ తేడాను పట్టించుకోవాలి. సంకేతాలు చెప్పిన విద్యార్థి ఆ జట్టుకు 1892 నుంచి 1895 దాకా క్వార్టర్‌బ్యాక్. రెండు సంవత్సరాలూ ఈ పరిధిలోనే ఉన్నాయి, కాబట్టి రెండింటిలో ఏదీ అసాధ్యం కాదు. అయితే 1892 అతను ఆ స్థానంలో ఆట మొదలుపెట్టిన ఏడాది. ఒక మనిషి పని మొదలుపెట్టిన ఏడాది అతని పేరున్న ఆచారానికి పుట్టిన ఏడాదిగా మారిపోవడం పాత కథల్లో మామూలే. ఫలానా గుడిలో ఫలానా ఉత్సవం ఎప్పుడు మొదలైందని అడిగితే, ధర్మకర్త పదవిలోకి వచ్చిన ఏడాది చెప్పేవాళ్లు మన ఊళ్లలోనూ ఉంటారు.

1894 గట్టిదా అంటే, దానికీ ఒక ఆకర్షణ ఉంది. కళాశాల పేరు మారింది ఆ ఏడాదే. అప్పటిదాకా దాని పేరు జాతీయ బధిర-మూగ కళాశాల అన్న అర్థంతో ఉండేది. 1894లో అమెరికాలో బధిర విద్యకు పునాది వేసిన వ్యక్తి పేరు పెట్టారు. ఇప్పటి పేరుతో కథ చెప్పేవాళ్లకు ఆ పేరు పుట్టిన ఏడాది చేతికి అందడం తేలిక. దీనివల్ల వెతికేవాళ్లకు ఒక ఇబ్బంది కూడా ఉంది. 1892 నాటి పత్రికల్లో ఇప్పటి పేరు పట్టుకుని గాలిస్తే ఏమీ దొరకదు. అది ఆట జరగలేదనడానికి రుజువు కాదు, పేరు వేరని మాత్రమే. చివరికి నేను 1894 వైపు మొగ్గాను. వలయం ఎందుకు వచ్చిందో, ఎవరికి కనపడకుండా వచ్చిందో వరుసగా చెప్పే కథనాలు ఆ ఏడాదినే ఇస్తాయి. 1892 అనేవి చాలావరకు ఒక్క వాక్యంతో సరిపెడతాయి. ఇది మొగ్గు మాత్రమే, తీర్పు కాదు.

నేను చూసిన కథనాలన్నీ సంఘటన జరిగాక, కొన్ని చాలా కాలం తర్వాత, రాసినవి. కాబట్టి కథ లోపలి నుంచే దొరికే ఆధారాన్ని కూడా తూచాలి. అది వలయం ఆకారం. వినికిడి ఉన్న ఆటగాళ్లు గుసగుసగా మాట్లాడుకోవాలంటే కచ్చితంగా గుండ్రంగానే నిలబడాలని లేదు. గుంపుగా చేరినా చాలు, ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి మాట పాకినా చాలు. సంజ్ఞకు అలా కుదరదు. చేయి పది మందికీ కనబడాలి, బయట ఒక్కరికీ కనబడకూడదు. ఈ రెండూ ఒకేసారి జరగాలంటే లోపలికి తిరిగి, వీపులు బయటికి పెట్టి, గుండ్రంగా నిలబడడం తప్ప దారి లేదు. పేకాటలో ముక్కలు గుండెకు ఆనించుకున్నట్టు. ఆకారం సంజ్ఞకు సరిగ్గా సరిపోతోంది. సరిపోయినంత మాత్రాన పుట్టింది అక్కడేనని చెప్పలేం. కథలో పొంతన లేనిది లేదని మాత్రం చెప్పవచ్చు.

తర్వాత షికాగో. 1896 నవంబరు 26, థ్యాంక్స్‌గివింగ్ రోజు. షికాగో జట్టు మిషిగన్ జట్టుతో కలీసియం అనే పెద్ద భవనంలో, పైకప్పు కింద ఆడింది. అదే ఏడాది జులైలో అక్కడే డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ జరిగింది. ఆట మధ్యలో చీకటి పడితే విద్యుద్దీపాలు వేశారు. షికాగో 7–6తో గెలిచింది. మరుసటి ఏడాది చివర్లో ఆ భవనం కాలిపోయింది. తేదీ, చోటు, స్కోరు, మూడూ గట్టివే. కప్పు కింద గోల భరించలేక ఆ కోచ్ ఆటగాళ్లను దగ్గరికి చేర్చాడని అంటారు. ఆ కోచ్ ఖాతాలో ఆవిష్కరణల జాబితా చాలా పొడవు. అలాంటి జాబితాలో ఒక పద్దు నిజమని తేలినంత మాత్రాన పక్క పద్దు నిజం కాదు. హడిల్ ఆయన దృష్టిలో ప్రార్థనకు చేరిన భక్తబృందం లాంటిదని కూడా రాస్తారు. అది ఆయన మనసులో మాట. మనసులో మాట నాకు ఆధారం కాదు. అయినా ఈ పద్దును విడిగా తేల్చవలసిన పని లేదు. వాషింగ్టన్‌కు 1892 అనుకున్నా, 1894 అనుకున్నా 1896 తర్వాతిదే. మొదటిదెవరన్న ప్రశ్న వరకు షికాగో పక్కకు తప్పుకుంటుంది.

నన్ను ఎక్కువగా ఊరించిన ఆనవాలు సియాటిల్‌ది. 1918 చివర. యుద్ధం, ఇన్‌ఫ్లుయెంజా కలిసి ఆటల సీజన్‌ను ముక్కలు చేసిన ఏడాది. ఒరెగాన్ రాష్ట్రంలోని కార్వాలిస్ నుంచి వచ్చిన జట్టు ప్రతి ఎత్తుకూ ముందు వరుసకు వెనుక చేరి, ఎత్తును చెవుల్లో చెప్పుకుందని చెబుతారు. ఆ జట్టు కోచ్ ఎక్కడివాడో చూశాను. కాన్సస్ వాడు. 1910 నుంచి 1917 దాకా కాన్సస్‌లోని ఎంపోరియా పట్టణంలో రెండు కళాశాలల జట్లకు కోచ్‌గా పనిచేశాడు. వాషింగ్టన్ విద్యార్థి చదువు ముగించి ఎక్కడికి వెళ్లాడు? కాన్సస్‌కే. అక్కడి ఒలేత పట్టణంలో బధిర పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. 1899లో అక్కడ ఫుట్‌బాల్ మొదలుపెట్టాడు, హడిల్‌ను కూడా వెంట తీసుకెళ్లాడు. ఒలేతకూ ఎంపోరియాకూ మధ్య దూరం సుమారు 150 కిలోమీటర్లు.

ఇంత చక్కగా అతికే ముక్కలు కనబడితే ఎవరికైనా ఆశ పుడుతుంది. వాషింగ్టన్ నుంచి ఒలేత, ఒలేత నుంచి ఎంపోరియా, ఎంపోరియా నుంచి కార్వాలిస్, అక్కడి నుంచి సియాటిల్ మైదానం. ఒక్క గీతతో మొత్తం కలిసిపోతుంది. కానీ ఆ గీతలో రెండో మెలిక దగ్గర దారం లేదు. ఆ కోచ్ ఒలేత జట్టు ఆట చూశాడనడానికి కాగితం కావాలి. లేదా ఆ ఉపాధ్యాయుడితో మాట్లాడాడని ఇద్దరిలో ఒకరు చెప్పిన మాట కావాలి. ఒకే రాష్ట్రంలో ఉండడం పరిచయానికి రుజువు కాదు. కాన్సస్ చిన్న రాష్ట్రం కాదు, కళాశాల కోచ్ బధిర పాఠశాల ఆటలకు వెళ్లి తీరాలన్న నియమమూ లేదు. ఈ దారిని మూసేశాను. ఎవరైనా ఆ కాగితం చూపిస్తే తిరిగి తెరుస్తాను.

1921, 1924 కథలను ఎక్కువసేపు పట్టుకోనక్కర్లేదు. ఇలినాయ్ కోచ్ 1921లో ప్రతి ఎత్తుకూ ముందు వలయం కట్టించాడు. పెద్ద కళాశాల, పెద్ద జనం, పత్రికల కళ్లు. పెన్సిల్వేనియాలోని ఈస్టన్ కోచ్ 1924లో, తన సంకేతాలను ప్రత్యర్థులు పసిగట్టేశారని తెలిసి, ఆటగాళ్లను దగ్గరికి చేర్చి ఎత్తు చెప్పించాడు. ఇద్దరూ చేసింది నిజమే. మొదటివాళ్లు కారు.

అయినా ఈ రెండు కథల్లో పనికొచ్చే ఆధారం ఒకటుంది. ఇలినాయ్ వలయాన్ని చూసి కొందరు వెక్కిరించారు, ఆట సాగదీస్తోందని విసుక్కున్నారు. పాత అలవాటును చూసి ఎవరూ అలా విసుక్కోరు. అంటే 1921 నాటికి ఎక్కువ మంది ప్రేక్షకులకు హడిల్ కొత్త. వాషింగ్టన్‌లోనో షికాగోలోనో అంతకుముందు జరిగినది ఆట మొత్తానికీ పాకలేదు. ఐదు కథలూ ఎందుకు పొసగవో ఇక్కడ తెలుస్తుంది. ఎవరు ముందు చేశారన్నది ఒక ప్రశ్న. ఎవరు చేసినది పత్రికల్లో పడిందన్నది రెండోది. ఎవరిని చూసి మిగతావాళ్లు నేర్చుకున్నారన్నది మూడోది. మూడింటికీ "మొట్టమొదట" అన్న ఒకే మాట వాడుతూ వచ్చారు. బధిరుల కళాశాల మొదటి ప్రశ్నకు జవాబు. మూడో ప్రశ్నకు జవాబు ఆ కళాశాలేనని చూపే ఆధారం నాకు కనబడలేదు. ఆ కళాశాల అభిమానులు నొచ్చుకున్నా ఈ మాట తప్పదు.

ఒక తప్పుదారి గురించి కూడా చెప్పాలి. అదే జట్టుకు పెద్ద డప్పు ఆచారం ఉంది. మైదానం అంచున నిలబెట్టిన ఆ డప్పును బాదితే బరువైన కంపనం ఒంటికి తెలుస్తుంది. ఆ దెబ్బను బట్టి ఆటగాళ్లు ఒకేసారి కదిలేవారు. కొందరు డప్పునూ హడిల్‌నూ కలిపి ఒకే కథగా చెబుతారు. డప్పు వల్లే సంకేతాలు దాగాయన్న మాట కూడా వింటాం. అది కుదరదు. డప్పు ఎప్పుడు కదలాలో చెబుతుంది. ఎటు కదలాలో చెప్పదు. పైగా ఎదుటి జట్టుకు వినికిడి ఉంటే ఆ దెబ్బ వాళ్లకూ వినబడుతుంది. హడిల్ దాచేది ఎటు కదలాలన్నదాన్ని. రెండూ ఒకే జట్టు ఆచారాలే అయినా రెండు వేర్వేరు చిక్కులకు జవాబులు. హడిల్ తేదీ తేల్చడానికి డప్పు పనికిరాదు.

సంకేతం ఎలా చేరుతుందన్న చిక్కు మాత్రం ఆ జట్టును వదల్లేదు. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ 1994 నుంచి క్వార్టర్‌బ్యాక్ శిరస్త్రాణంలో రేడియోకు అనుమతిచ్చింది. కోచ్ మాట నేరుగా చెవిలో పడుతుంది. బధిరుల జట్టుకు దానితో ఉపయోగం లేదు. 2023 అక్టోబరు 7న న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఒక కళాశాలతో జరిగిన ఆటలో ఈ జట్టు క్వార్టర్‌బ్యాక్ వేరే రకం శిరస్త్రాణం పెట్టుకున్నాడు. కోచ్ టాబ్లెట్‌లో ఎంచుకున్న ఎత్తు, కళ్ల ముందున్న చిన్న తెర మీద అక్షరాలుగా వచ్చింది. ఆ ఒక్క ఆటకే అప్పుడు అనుమతి దొరికింది. మైదానం అంచు నుంచి కోచ్ చేతులు ఊపవలసిన పని, వాటిని ఎదుటివాళ్లు చదివేస్తారన్న భయం, ఆ రోజుకు తప్పాయి. తెర ఉన్నది ఒక్క తలకే. మిగతా పది మందికి ఎత్తు ఏమిటో క్వార్టర్‌బ్యాక్ చేతులతోనే చెప్పాలి.